వలస దరఖాస్తులో రెండో మనిషి

విదేశాలకు వెళ్లి స్థిరపడాలనుకునే దంపతులు నన్ను సలహా అడిగినప్పుడు మొదట వినిపించే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: కెనడా మంచిదా, ఆస్ట్రేలియా మంచిదా, జర్మనీ మంచిదా? సాధారణంగా ఆ ప్రశ్న ఇద్దరిలో ఒకరు అడుగుతారు, రెండోవారు పక్కన కూర్చుని వింటూ ఉంటారు. నేను దేశం సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆ వింటున్న మనిషి వైపు తిరిగి, మీరు ఇప్పుడు ఏ పని చేస్తున్నారు, అక్కడికి వెళ్లాక ఏం చేయాలనుకుంటున్నారు అని అడుగుతాను. ఆ ప్రశ్నకు స్పష్టమైన జవాబు దొరికేదాకా దేశం ఎంచుకోవడం, పాయింట్లు లెక్కవేసుకోవడం, కన్సల్టెన్సీకి డబ్బు కట్టడం అన్నీ తొందరపాటే అని నా గట్టి నమ్మకం. నైపుణ్య వలసకు పూనుకున్న కుటుంబం తన ఆలోచనను దరఖాస్తులో రెండో పేరుగా వెళ్లే మనిషి దగ్గర మొదలుపెట్టాలి, ఆ తర్వాత పిల్లల దగ్గరికి రావాలి, ప్రధాన దరఖాస్తుదారు సంగతి చివరన చూసుకోవాలి.

వలస చట్టాలు మాత్రం ఇందుకు తలకిందుల వరుసలో నడుస్తాయి. వచ్చేవారిని చదువు, వయసు, భాష, వృత్తి ఆధారంగా పాయింట్లతో కొలిచే పద్ధతిని కెనడా 1967లో ప్రవేశపెట్టింది. అంతకు ముందు మనిషి పుట్టిన దేశాన్నీ జాతినీ బట్టి అనుమతించిన చరిత్ర ఉంది కనుక ఆ మార్పును నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. 1979లో ఆస్ట్రేలియా, 1991లో న్యూజిలాండ్ అలాంటి పద్ధతినే చేపట్టాయి. అయితే ఆ కొలత అంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతుంది. 2015 జనవరిలో కెనడా ప్రారంభించిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (నైపుణ్య వలస అభ్యర్థులను పాయింట్లతో వరుసబెట్టే ఆన్‌లైన్ పద్ధతి) ర్యాంకింగులో మొత్తం 1200 పాయింట్లు ఉంటే, వెంట వచ్చే భార్య లేదా భర్త చదువుకూ, భాషకూ, కెనడాలో చేసిన పనికీ కలిపి గరిష్ఠంగా దక్కేవి 40. ప్రభుత్వం తన అవసరాన్ని బట్టి ఆ నిష్పత్తిని పెట్టుకుంది, అది దాని హక్కు. కుటుంబం మాత్రం తన జీవితాన్ని అదే నిష్పత్తిలో తూచుకోవడం మొదలుపెడితే, ఇద్దరు సంపాదనపరులుగా బయలుదేరిన ఇల్లు ఒక ఉద్యోగి, ఒక వెంటవచ్చినవారుగా మారి అక్కడ దిగుతుంది.

మా ఇంట్లో నేను డేటాబేస్ నిర్వహణ పనిలో ఉండేదాన్ని, మావారు ఫార్మసిస్టు. మేము మొదట వెళ్లిన సలహా సంస్థవారు మమ్మల్ని ఏమీ అడగకుండానే ఆయన పేరు ప్రధాన దరఖాస్తుదారుగా రాసుకుని, నా వివరాలు రెండో పేజీలో నింపారు. మేము ఇంటికి వచ్చి లెక్క రెండు విధాలుగా వేసి చూసుకున్నాం. నా వయసు తక్కువ, నాకు మాస్టర్స్ డిగ్రీ ఉంది, నా వృత్తికి అక్కడ లైసెన్సు అక్కర్లేదు. ఆయన వృత్తికి లైసెన్సు తప్పనిసరి, దానికి వరుసగా పరీక్షలున్నాయి. నా పేరు మీద ఫైల్ వేస్తే పాయింట్లు పెరగడమే కాక, అక్కడ దిగిన వెంటనే నేను ఉద్యోగంలో చేరి ఆయనకు చదువుకునే వ్యవధి ఇవ్వగలను. మేము ఆ దారినే వెళ్లాం. భర్త పేరు వెనక్కి వెళ్లడం బంధువుల్లో కొందరికి నచ్చలేదు, కానీ ఫైలులో పేర్ల వరుసకూ ఇంట్లో గౌరవానికీ సంబంధం లేదని ఆయనే వాళ్లకు చెప్పారు.

అర్హత ఉంటే భార్యాభర్తలిద్దరూ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో విడివిడిగా ప్రొఫైల్ పెట్టుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. ఒకే జంటకు ఎవరి పేరు ముందుంటే ఎన్ని పాయింట్లు వస్తాయన్నది గణనీయంగా మారుతుంది, అందులో వయసుది పెద్ద పాత్ర. జంటగా దరఖాస్తు చేసినప్పుడు ప్రధాన దరఖాస్తుదారుకు 20 నుంచి 29 ఏళ్ల వరకు వయసుకు 100 పాయింట్లు, 35 ఏళ్లకు 70, 40 ఏళ్లకు 45, 45 ఏళ్లు నిండితే సున్నా. ఆస్ట్రేలియాలో 25 నుంచి 32 ఏళ్ల మధ్య వారికి 30 పాయింట్లు దక్కుతాయి, 45 నిండితే దరఖాస్తు చేయమన్న ఆహ్వానమే అసలు రాదు. అక్కడ కనీస అర్హత 65 పాయింట్లు కాగా, భాగస్వామి తన వృత్తికి స్కిల్ అసెస్‌మెంట్ (నైపుణ్య మదింపు) చేయించుకుని అవసరమైన ఇంగ్లీషు స్థాయి చూపిస్తే 10, ఇంగ్లీషు ఒక్కటే చూపిస్తే 5, ఏదీ లేకపోతే ఏమీ రావు. ఒంటరిగా దరఖాస్తు చేసేవారికి ఆ 10 ఊరికే వస్తాయి. అంటే రెండో మనిషిని సిద్ధం చేయని జంట, పెళ్లికాని అభ్యర్థి కంటే 10 పాయింట్లు వెనకబడి పోటీలో దిగుతోందన్నమాట. కెనడాలో 40, ఆస్ట్రేలియాలో 10 చిన్న అంకెలుగా కనిపించినా, ఆహ్వానం దక్కడానికీ దక్కకపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు అంతకంటే తక్కువే ఉంటుంది.

ఇక దేశం ఎంపిక. దీన్ని నేను జీతాలను బట్టీ వాతావరణాన్ని బట్టీ చూడను. రెండో మనిషికి దిగిన రోజు నుంచి పని చేసే హక్కు ఉంటుందా అన్నదే నాకు మొదటి గీటురాయి. కెనడా, ఆస్ట్రేలియా శాశ్వత నివాస వీసాల్లో కుటుంబం మొత్తానికి ఒకే హోదా వస్తుంది, ఎవరి హక్కూ మరొకరి ఉద్యోగం మీద ఆధారపడదు. జర్మనీలో ఉన్నత నైపుణ్య ఉద్యోగులకు ఇచ్చే ఈయూ బ్లూ కార్డు ఉన్నవారి భాగస్వామి రాకముందే జర్మన్ భాష వచ్చని నిరూపించనక్కర్లేదు, వచ్చాక ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. బ్లూ కార్డు ఉన్నవారు ఏ1 (ప్రాథమిక) స్థాయి జర్మన్‌తో 27 నెలలకు, బీ1 (మధ్య) స్థాయితో 21 నెలలకు శాశ్వత నివాసానికి అర్హులవుతారు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చినవారి భాగస్వామికి కూడా దాదాపు అన్ని ఉద్యోగాలూ తెరిచే ఉంటాయి, కానీ కుటుంబం అక్కడ ఉండటం ఒక యజమాని ఇచ్చిన స్పాన్సర్‌షిప్ మీద నిలబడి ఉంటుంది. అమెరికా హెచ్-1బీ దారిలో వెళ్లినవారి భాగస్వామికి వచ్చేది హెచ్-4. 2015 మే నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం హెచ్-1బీ ఉద్యోగి గ్రీన్ కార్డు ప్రక్రియలో ఒక దశ దాటాకే హెచ్-4 వారికి పని అనుమతి దొరుకుతుంది. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏటా 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల భారతదేశంలో పుట్టినవారి వరుస ఎంతో పొడవుగా ఉంది. ఆ నిరీక్షణలో పిల్లలకు 21 ఏళ్లు నిండితే వారు తల్లిదండ్రుల హోదా నుంచి బయటికి వచ్చి తమ దారి తాము వెతుక్కోవాలి. జీతం ఎక్కువని ఆ దారి ఎంచుకునేవారిని నేను తప్పుపట్టను. కానీ ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోవలసి రావచ్చని తెలిసి ఒప్పుకోవలసినవారు హెచ్-4 మీద వెళ్లే మనిషి. ఆ ఒప్పుకోలు వాళ్ల నోటి నుంచే రావాలి.

లైసెన్సు అవసరమైన వృత్తుల గురించి కాస్త ఆగి చెప్పాలి. వలస అధికారులు మీ డిగ్రీని గుర్తించడం ఒకటి, ఆ దేశంలో మీ వృత్తి చేసుకోవడానికి అనుమతి రావడం మరొకటి. ఈసీఏ అని మనవాళ్లు పిలిచే చదువు మదింపు పత్రం మీ డిగ్రీ కెనడా డిగ్రీకి సమానమని మాత్రమే చెబుతుంది. అది వైద్యులకు, నర్సులకు, ఫార్మసిస్టులకు, ఉపాధ్యాయులకు ప్రాక్టీసు చేసే హక్కు ఇవ్వదు. మావారి విషయంలో ఫార్మసీ ఎగ్జామినింగ్ బోర్డ్ ఆఫ్ కెనడా ముందు డిగ్రీ పత్రాలు పరిశీలిస్తుంది, తర్వాత ఎవాల్యుయేటింగ్ పరీక్ష, ఆ తర్వాత రెండు భాగాల క్వాలిఫైయింగ్ పరీక్ష, ఆపైన ప్రావిన్సు నియంత్రణ సంస్థ షరతులు ఉంటాయి. ఇందులో పత్రాల పరిశీలన స్వదేశంలో ఉండగానే పూర్తి చేసుకోవచ్చు. కాలేజీ నుంచి సీలు వేసిన మార్కుల జాబితాలు, వృత్తి మండలి నుంచి రిజిస్ట్రేషన్ ధ్రువపత్రాలు నేరుగా పంపించే పని ఊళ్లో ఉండగా చేయించడం ఎంత సులువో, సముద్రం దాటాక అంత కష్టం. వీసా ఫైలుకూ లైసెన్సు ఫైలుకూ పని ఒకేసారి మొదలవ్వాలి. వెళ్లాక చూసుకుందాం అని వదిలేసిన లైసెన్సు, అద్దె కట్టడానికి దొరికిన ఏదో ఒక పనిలో పడి ఏళ్లు వెనక్కి పోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ వెనకబడే మనిషి ఎక్కువగా భార్యే కావడం నన్ను బాధిస్తుంది.

ఒక సలహా గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. భాగస్వామి పాయింట్లు తగ్గిస్తున్నారనిపించినప్పుడు, ఆ మనిషిని వెంట రాని సభ్యులుగా చూపించి ఒంటరి అభ్యర్థి లెక్కన పాయింట్లు తెచ్చుకోమని కొందరు చెబుతారు. నిజంగా భాగస్వామి రావడం లేదంటే అది న్యాయమైన వివరమే. రాబోతున్నారని తెలిసీ రారని రాస్తే అది తప్పుడు సమాచారం, కెనడా చట్టంలో దానికి 5 ఏళ్ల నిషేధం ఉంది. అంతకంటే భయపడవలసిన విషయం మరొకటి ఉంది. వెంట రాకపోయినా భార్య లేదా భర్త, పిల్లలు అందరి పేర్లూ ఫైలులో ఉండాలి, వారికి వైద్య పరీక్షలు జరగాలి. విడాకుల తర్వాత మాజీ భాగస్వామి దగ్గర పెరుగుతున్న బిడ్డ అయినా సరే. అలా చూపించని, పరీక్ష చేయించని కుటుంబ సభ్యుణ్ణి ఆ తర్వాత కుటుంబ కోటా కింద రప్పించుకునే దారిని కెనడా నిబంధనలు సాధారణంగా మూసివేస్తాయి. వెళ్లి స్థిరపడటానికి చూపించాల్సిన నిధుల లెక్కలో కూడా వెంట రానివారిని కలుపుకునే కుటుంబ పరిమాణం చూస్తారు. కొన్ని పాయింట్ల కోసం భార్య ఉనికినే దాచమనే సలహాదారు దగ్గర మీ ఫైల్ ఒక్క రోజు కూడా ఉంచవద్దు.

పిల్లల విషయంలో వయసు, ఆరోగ్యం రెండూ ముందే చూసుకోవాలి. కెనడాలో 22 ఏళ్లు నిండని, పెళ్లికాని పిల్లలు ఆధారితులుగా వస్తారు. ఆస్ట్రేలియాలో 18 దాటిన పిల్లలు తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్నారని పత్రాలతో నిరూపించాలి, 23 నిండాక వైకల్యం వంటి ప్రత్యేక కారణం ఉంటే తప్ప దారి లేదు. పెద్దబిడ్డ డిగ్రీలో చేరిన ఇంట్లో వచ్చే ఏడాది చూద్దాం అన్న మాటకు ఎంత ఖరీదో దీన్ని బట్టి తెలుస్తుంది. ఆరోగ్య నియమాల గురించి ఇళ్లలో పైకి మాట్లాడరు, కానీ ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఉన్న కుటుంబానికి దేశాన్ని నిర్ణయించేది అదే కావచ్చు. ఆస్ట్రేలియా 189 వీసాలో (స్పాన్సర్ లేకుండా పాయింట్లతో వచ్చే శాశ్వత నివాస వీసా) కుటుంబంలో ఒకరు ఆరోగ్య షరతు తప్పితే అందరి దరఖాస్తూ తిరస్కరణకు గురవుతుంది. కెనడా 2018 జూన్‌లో, మించితే దరఖాస్తును తిరస్కరించగలిగే ఆరోగ్య ఖర్చుల పరిమితిని మూడు రెట్లు పెంచి, ప్రత్యేక విద్య వంటి సేవలను ఆ లెక్కలోంచి తీసేసింది. ఆటిజం ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు ఈ తేడా మిగతా అన్ని పాయింట్ల కంటే పెద్దది. వైద్య నివేదికలు దాచడం వల్ల మేలు జరగదు. ఏ దేశపు నియమం మీ బిడ్డను రానిస్తుందో ముందు తెలుసుకుని ఆ దేశాన్నే ఎంచుకోవడం తల్లిదండ్రులుగా మన బాధ్యత.

భాషా పరీక్షను కూడా ఇద్దరూ రాయాలి, ఒకే నెలలో రాస్తే మరీ మంచిది. దీని విలువ ఎంతో ఒక లెక్కతో చూపిస్తాను. మాస్టర్స్ డిగ్రీ, కెనడా బయట 3 ఏళ్లకు పైగా అనుభవం ఉన్న ప్రధాన దరఖాస్తుదారుకు ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో వినడంలో 7.5, చదవడం, రాయడం, మాట్లాడటంలో 6.5 చొప్పున వచ్చాయనుకోండి. అది కెనడా కొలమానంలో 8వ స్థాయి. ఒక్కొక్క విభాగంలో అర బ్యాండు పెరిగి 8, 7, 7, 7 అయితే 9వ స్థాయి. ఆ అర బ్యాండుతో జంట లెక్కలో భాషకు నేరుగా 28 పాయింట్లు, చదువుకూ అనుభవానికీ భాష తోడవడం వల్ల మరో 50, మొత్తం 78 పాయింట్లు పెరుగుతాయి. మరో డిగ్రీ చదివినా, ఇక్కడే మరో రెండేళ్లు ఉద్యోగం చేసినా ఇంత రాదు. కాబట్టి ఒకసారి రాసి వచ్చిన మార్కులతో సరిపెట్టుకోవడం కంటే ఆరు నెలలు శ్రద్ధగా సాధన చేయడం లాభం. రాయడం అనే విభాగంలోనే ఎక్కువమంది ఆగిపోతారు. అక్కడ పదాల ఆర్భాటం కంటే అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పడం, పేరాల మధ్య పొందిక ముఖ్యం. కెనడా ఈ ఫలితాలను రెండేళ్ల వరకే ఒప్పుకుంటుంది కనుక మిగతా పత్రాల పనిని కూడా పరీక్ష తేదీకి దగ్గరగా జరుపుకోవాలి.

ఎక్స్‌పీరియన్స్ లెటర్ల దగ్గర పెద్ద పెద్ద ఫైళ్లు చిక్కుకుంటాయి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా సంస్థలో పనిచేశారు అని నాలుగు వాక్యాల్లో ఇచ్చే ఉత్తరం వలస అధికారికి సరిపోదు. లెటర్‌హెడ్ మీద హోదా, వారానికి ఎన్ని గంటలు, జీతం, అన్నిటికంటే ముఖ్యంగా చేసిన పనుల వివరం ఉండాలి. ఆ పనులు మీరు ఎంచుకున్న ఎన్‌ఓసీ కోడులోని (కెనడా ప్రభుత్వ వృత్తుల వర్గీకరణలోని సంఖ్య) ప్రధాన విధులతో సరిపోలాలి. హోదా పేరు మేనేజరైనా చేసిన పని మేనేజరుది కాకపోతే ఆ కోడు నిలబడదు. కోడులోని వాక్యాలను యథాతథంగా ఎత్తి రాయిస్తే అనుమానం వస్తుంది, మీరు నిజంగా చేసిన పనిని మీ మాటల్లో రాయించాలి. పాత సంస్థ మూతబడిందంటే అప్పటి పై అధికారి ప్రమాణపత్రం, జీతపు రసీదులు, బ్యాంకు పత్రాలు, పన్ను పత్రాలు కలిపి చూపించాలి. ఆస్ట్రేలియాలో ఐటీ వృత్తులను మదింపు చేసే ఏసీఎస్ (ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ) మీ డిగ్రీకీ వృత్తికీ ఎంత దగ్గర సంబంధం ఉందన్నదాన్ని బట్టి మొదటి కొన్నేళ్ల అనుభవాన్ని లెక్కలోకి తీసుకోదు, అందుకే పాయింట్లు వేసుకునేటప్పుడు మొత్తం సర్వీసును కలుపుకోకూడదు. ఇద్దరి పేర్లూ అన్ని పత్రాల్లో ఒకేలా ఉన్నాయా అన్నది కూడా ఈ దశలోనే సరిచూసుకోవాలి.

డబ్బు లెక్క ఎవరికి వారిదే, కానీ తలకు ఇంత చొప్పున పెరిగే ఖర్చులను కుటుంబాలు తక్కువ అంచనా వేస్తాయి. బ్రిటన్ ఆరోగ్య సర్‌చార్జి 2024 ఫిబ్రవరి నుంచి పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు 5 ఏళ్ల వీసాకు వెళ్తే ఇదొక్కటే 18,110 పౌండ్లు అవుతుంది, ముందుగానే కట్టాలి, వీసా రుసుము వేరు. యజమాని ఉద్యోగికి కట్టినా కుటుంబానికి కడతాడన్న నమ్మకం లేదు, అందుకే ఆఫర్ ఒప్పుకునే ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. కెనడా అడిగే నిధులు మీ సొంతమై ఉండాలి, అప్పు తెచ్చి చూపించకూడదు, గత ఆరు నెలల సగటు నిల్వ బ్యాంకు ఉత్తరంలో కనిపించాలి. ఇంటి విలువ ఆ లెక్కలోకి రాదు.

ఇంతా చదివి, ముందు ఒకరు వెళ్లి ఉద్యోగం చూసుకుని, ఇల్లు తీసుకున్నాక మిగిలినవారు వెళ్లడం తెలివైన పని కాదా అని అడిగేవారుంటారు. అది తీసిపారేయవలసిన మాట కాదు. పిల్లల విద్యా సంవత్సరం మధ్యలో ఉన్నప్పుడు, చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు నేనూ అదే చెబుతాను. కానీ ప్రయాణాన్ని విడదీయడానికి ఫైలును విడదీయనక్కర్లేదు. కెనడా శాశ్వత నివాసంలో అందరూ ఒకే ఫైలులో ఉండి, ప్రధాన దరఖాస్తుదారు ముందు ల్యాండ్ అయి, మిగిలినవారు పత్రాల గడువు ముగిసేలోగా వెళ్లవచ్చు. ఒకరు వెళ్లి స్థిరపడటం అన్న ప్రణాళికలో రెండోవారు ఎప్పటిలోగా వస్తారు, వచ్చేలోపు వాళ్ల ఉద్యోగం ఏమవుతుంది, వచ్చాక లైసెన్సు పరీక్షలకు ఎవరు డబ్బు పెడతారు అన్న వివరాలు కాగితం మీద ఉంటే అది ప్రణాళిక. ఆ వివరాలు లేకుండా ఒకరు విమానమెక్కితే, రెండోవారు ఇక్కడ పిల్లల్నీ పెద్దల్నీ ఒంటరిగా చూసుకుంటూ తేదీ తెలియని ఎదురుచూపులో ఉండిపోతారు.

కన్సల్టెన్సీ తీసుకోవాలా వద్దా అన్నది మీ ఫైలు చిక్కును బట్టి ఉంటుంది. తీసుకుంటే కెనడాకు కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ జాబితాలో, ఆస్ట్రేలియాకు మైగ్రేషన్ ఏజెంట్స్ రిజిస్ట్రేషన్ అథారిటీ జాబితాలో ఆ మనిషి పేరు ఉందో లేదో మీరే ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఖాతా యూజర్ నేమ్, పాస్‌వర్డు మీ దగ్గర ఉండాలి, పంపే ముందు ప్రతి ఫారమూ మీరిద్దరూ చదవాలి, ఎందుకంటే అందులో ఏ తప్పు దొర్లినా చట్టం ముందు జవాబుదారీ మీరే. ఉద్యోగ ఆఫర్ కొనిపెడతామని, దానికి పాయింట్లు వస్తాయని ఎవరైనా చెబితే అక్కడే లేచి రండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లను కెనడా 2025 మార్చి 25న తీసేసింది, అలా అమ్ముకునే మోసాలు పెరగడమే అందుకు కారణం.

తల్లిదండ్రుల సంగతి ఫైలులో ఏ గడిలోనూ ఉండదు, కానీ ఫైల్ వేయడానికి ముందు మాట్లాడుకోవలసినది అదే. నైపుణ్య వలస వీసాల్లో వాళ్లు ఆధారితులుగా రారు. తర్వాత పిలిపించుకుంటామని మనం సులువుగా అనేస్తాం. కెనడా తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌లో చోట్లు పరిమితం, దానికి బదులు సూపర్ వీసా (తల్లిదండ్రులకు ఇచ్చే దీర్ఘకాల సందర్శక వీసా) మీద ఒక్కసారి వస్తే 5 ఏళ్ల వరకు ఉండవచ్చు, అయితే ఆరోగ్య బీమా తప్పనిసరి. ఆస్ట్రేలియా తల్లిదండ్రుల వీసాకు వారి సంతానంలో కనీసం సగం మంది అక్కడ స్థిరపడి ఉండాలి, లేదా మరే ఇతర దేశంలో కంటే అక్కడే ఎక్కువ మంది ఉండాలి. బ్రిటన్ 2012లో తెచ్చిన నియమాల తర్వాత వృద్ధ తల్లిదండ్రులను శాశ్వతంగా రప్పించుకోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి భార్య తరఫు పెద్దలు, భర్త తరఫు పెద్దలు ఇద్దరి విషయమూ తోబుట్టువులతో కూర్చుని తేల్చుకోవాలి: ఆసుపత్రికి ఎవరు తీసుకువెళ్తారు, నెలనెలా ఎవరు ఎంత పంపుతారు, అత్యవసరమైతే మనలో ఎవరు ముందు వస్తారు, ఆ ప్రయాణానికి డబ్బు ఎక్కడ పక్కన పెడతాం. మేము మా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లతో ఈ సంగతులన్నీ రాసుకున్నాకే భాషా పరీక్షకు డబ్బు కట్టాం.